అప్‌డేట్: ఒడిశాలోని పర్లాకిమిడి పిల్లలకు ఇంటర్వ్యూ ఇంగ్లీషు

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన పిల్లలు ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే బిగుసుకుపోతున్నారు, ఏం నేర్పాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చినవారందరికీ దండాలు. 8 వారాల తర్వాత తేలింది ఇదీ.

బట్టీ పేరా పూర్తిగా మానేశాం. మధ్యలో ఒక్క మాట జారితే మిగతాదంతా పోతుంది. కాగితం మీద పేరు-ఊరు, చదువు, చేతనైన పని, ఈ ఉద్యోగమే ఎందుకు అని నాలుగు ముక్కలే రాసుకుంటారు. నిమిషం మాట్లాడి, ఫోన్‌లో రికార్డు చేసి, విని, మళ్లీ చెప్తారు. మూడోసారి కాగితం ఉండదు. తప్పులు మధ్యలో దిద్దకూడదు, గొంతు ఆగిపోతుంది. అయ్యాక రెండే చెప్పాలి: ‘మైసెల్ఫ్ రవి’ కాదు ‘ఐ యామ్ రవి’, ‘ఐ యామ్ హావింగ్ ఎక్స్‌పీరియన్స్’ కాదు ‘ఐ హావ్’.

అసలు చిక్కు ఉద్యోగంలో చేరాకే. అర్థం కాకపోయినా తలూపేస్తారు. పెద్దవాళ్లను మళ్లీ అడిగితే ఎదురు చెప్పినట్టని మనవాళ్ల భయం. అందుకే నేర్పేవాళ్లు కావాలనే గొణుగుతూ పని పురమాయించాలి. పిల్లలు ‘సారీ సర్, కుడ్ యూ సే దట్ అగైన్?’ అని ఆపి తీరాలి. అంకెలైతే మరీ జాగ్రత్త. ఫిఫ్టీన్‌లో చివర సాగుతుంది, ఫిఫ్టీలో మొదట్లోనే ఊనిక. ఈ తేడా పట్టుకోకపోతే గోదాములో 15 బస్తాలకు బదులు 50 దిగిపోతాయి. ‘వన్ ఫైవ్, ఫిఫ్టీన్ బ్యాగ్స్, రైట్?’ అని తిరిగి చెప్పి సరిచూసుకోవడం రోజూ చేయిస్తున్నాం.

ఫోన్ ఇంటర్వ్యూ సాధనకు అడిగేవాళ్లనూ జవాబు చెప్పేవాళ్లనూ వీపులు ఆనించి కూర్చోబెట్టండి. ముఖం కనబడదు కాబట్టి తలూపడం కుదరదు.