జడ్80 సీపీయూ కార్డు: మొదటిసారి సోల్డరింగ్ చేసేవాళ్ల కోసం ఎలా వేస్తే మంచిది?

ప్రశ్న:
సొంత 40 పిన్నుల బస్సు (కార్డులన్నిటినీ కలిపే లైన్ల వరుస) మీద జడ్80 (8 బిట్ల పాత ప్రాసెసర్) కార్డు డిజైన్ చేస్తున్నాను. ఎస్-100 (పాత 100 పిన్నుల బస్సు) వద్దనుకున్నాను. అన్నీ త్రూ-హోల్ (కాళ్లు రంధ్రాల్లో దూర్చి అతికే) పార్టులే, క్లాక్ 7.3728 మెగాహెర్ట్జ్. కట్టేవాళ్ల దగ్గర మల్టీమీటర్ తప్ప ఏమీ ఉండదు. రీసెట్‌కి 10కె రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ నేరుగా రీసెట్ పిన్ 26కి ఇస్తే సరిపోతుందా? డేటా లైన్లకి 74హెచ్‌సీటీ245 (రెండు వైపులా పనిచేసే బఫర్ చిప్) తప్పనిసరా? మెమరీ కార్డు లేకుండా ఇదొక్కటే పరీక్షించే దారి ఉందా?

జవాబు 1:
ఎస్-100 వద్దనుకోవడం మంచిదే. బస్సులో 8 వోల్టులు వస్తాయి, కార్డు కార్డుకీ రెగ్యులేటర్ పెట్టాలి, డేటా లైన్లు రాకకి వేరు, పోకకి వేరు. కొత్తవాళ్లకి అంత ఎందుకు?

రీసెట్ మాత్రం నేరుగా ఇవ్వకండి. కెపాసిటర్ వోల్టేజీ నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ పిన్నుకి నిటారైన అంచు కావాలి. 74హెచ్‌సీటీ14లో (నెమ్మది సిగ్నల్‌ని నిటారుగా మార్చే ఇన్వర్టర్ చిప్) రెండు గేట్ల గుండా పంపండి. 10కెకి సమాంతరంగా 1ఎన్4148 డయోడ్ కూడా వేయండి, గీత ఉన్న వైపు 5 వోల్టులకి. అది లేకపోతే పవర్ తీసి వెంటనే పెట్టినప్పుడు కెపాసిటర్ ఖాళీ అవదు, రీసెట్ పడదు.

16, 17, 24, 25 ఇన్‌పుట్ పిన్నులకి 10కె పుల్-అప్‌లు (5 వోల్టులకి కట్టే రెసిస్టర్లు) మరవద్దు. గాల్లో వదిలేస్తే చెయ్యి దగ్గర పెట్టినప్పుడు నడిచి, తీయగానే ఆగిపోయే బోర్డు తయారవుతుంది. ఇంకోటి, ఈ చిప్‌కి పవర్ మూలల్లో ఉండదు: 5 వోల్టులు పిన్ 11, గ్రౌండ్ 29. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అక్కడే పెట్టాలి.

జవాబు 2:
పరీక్షకి నాప్ (ఏమీ చేయకుండా ముందుకెళ్లే ఆదేశం) టెస్ట్ చాలు. ఎనిమిది డేటా లైన్లనీ 10కె రెసిస్టర్లతో గ్రౌండ్‌కి లాగండి. సీపీయూ 00 చదువుతుంది, అంటే నాప్. అడ్రస్ లెక్కపెట్టుకుంటూ పోతుంది. రెసిస్టర్ లేకుండా నేరుగా కలపొద్దు. ఒక్క లైను సరిగా అతక్కపోయినా అది 00 కాదు, సీపీయూ రాయడం మొదలుపెడితే పిన్నులు షార్టవుతాయి.

ఒక్కో నాప్‌కి 4 క్లాకులు, కాబట్టి అడ్రస్‌లన్నీ ఒక చుట్టు తిరగడానికి 65,536 × 4 = 2,62,144 క్లాకులు. 7.3728 దగ్గర ఏ15 (అన్నిటికంటే పై అడ్రస్ లైను) సెకనుకి 28 సార్లు కొట్టుకుంటుంది, కంటికి ఆనదు. అందుకే ఆసిలేటర్‌ని సాకెట్‌లో పెట్టి, పరీక్షకి 1 మెగాహెర్ట్జ్‌ది గుచ్చండి. చుట్టుకి పావు సెకను పడుతుంది. హెచ్‌సీటీ14లో మిగిలిన గేటుకి ఏ15 ఇచ్చి దానితో ఎల్ఈడీ వెలిగించండి, రెండో కొస 2.2కె ద్వారా 5 వోల్టులకి. వెలిగినప్పుడు సగం కాంతే ఉంటుంది. అది తప్పు కాదు: ప్రతి నాప్‌లో వెనక సగం రిఫ్రెష్ (మెమరీని తాజాపరిచే దశ), అప్పుడు పై ఎనిమిది అడ్రస్ లైన్ల మీద ఐ రిజిస్టర్ ఉంటుంది, రీసెట్ తర్వాత దాని విలువ సున్నా. ఈ మాట మాన్యువల్‌లో రాయకపోతే కట్టినవాళ్లు బోర్డు పోయిందనుకుంటారు.

జవాబు 3:
ఐదారు సీమాస్ కార్డులకి 245 అక్కర్లేదు. పెడితే మాత్రం దాని డీఐఆర్‌ని (దిశ మార్చే పిన్ను) సీపీయూ ఆర్‌డీ (చదివే సంకేతం) ఒక్కదానికే కట్టకండి. ఇంటరప్ట్ అక్నాలెడ్జ్‌లో (ఇంటరప్ట్‌ని సీపీయూ అందుకునే దశ) ఆర్‌డీ కదలదు, ఎం1, ఐఓఆర్‌క్యూ అనే సీపీయూ సంకేతాలు మాత్రమే కిందికొస్తాయి. బఫర్ అప్పుడూ బయటివైపే తిరిగి ఉంటే ఐఎం 2 (ఒక ఇంటరప్ట్ పద్ధతి) వెక్టర్, అంటే ఎక్కడికి వెళ్లాలో చెప్పే బైటు, లోపలికి రాదు, ప్రోగ్రాం ఎటో ఎగిరిపోతుంది.

గ్రౌండ్ పిన్నులకి థర్మల్ రిలీఫ్ (పిన్నుని సన్నని గీతలతో మాత్రమే రాగికి కలపడం) తప్పనిసరి. రాగి అంతటికీ నేరుగా కలిపితే చిన్న ఐరన్‌తో వేడెక్కదు, టంకం పైన ముద్దలా నిలబడిపోతుంది.

అడిగినవారు:
థాంక్స్ అండీ. క్లాక్‌ని 74ఎల్‌ఎస్04 (ఇన్వర్టర్ చిప్) గుండా పంపొచ్చా?

జవాబు 1:
అలాగే పంపితే కుదరదు. మిగతా పిన్నులకి టీటీఎల్ (ఎల్‌ఎస్ లాంటి చిప్‌ల) వోల్టేజీ స్థాయి చాలు గానీ, క్లాక్ పిన్ దాదాపు 5 వోల్టుల దాకా ఎక్కాలి. ఎల్‌ఎస్ మూడున్నర దగ్గరే ఆగుతుంది. 330 ఓమ్ పుల్-అప్ పెట్టండి, లేదా ఆ చోట హెచ్‌సీటీ వాడండి.