క్షయ టీకా మూత్రాశయ క్యాన్సర్‌కు ఎలా మందవుతుంది?

ప్రశ్న:
మా నాన్నగారి మూత్రాశయంలోని గడ్డను గత నెలలో ఎండోస్కోపీతో తొలగించారు. బయాప్సీలో క్యాన్సరేనని, అయితే కండర పొరలోకి పాకలేదని తేలింది. ఇప్పుడు వారానికోసారి చొప్పున ఆరు వారాలు లోపలికి బీసీజీ ఎక్కించాలంటున్నారు. పసిపిల్లల భుజానికి వేసే ఆ టీకాకూ క్యాన్సర్‌కూ సంబంధమేమిటి? అది బతికున్న సూక్ష్మజీవి కదా, ఆయనకు క్షయ సోకదా? ఇంట్లో ఏడాది పాప కూడా ఉంది.

మొదటి సమాధానం (మైక్రోబయాలజీ అధ్యాపకురాలు):
జీవి అదే, మోతాదు మాత్రం చాలా ఎక్కువ. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో కాల్మెట్, గెరాన్ అనే శాస్త్రవేత్తలు పశువుల క్షయ బాక్టీరియాను పైత్యరసంలో ఉడికించిన బంగాళాదుంప ముక్కలపై 13 ఏళ్లపాటు, 230 సార్లు మార్చి మార్చి పెంచి, రోగం తెచ్చే శక్తి సన్నగిల్లాక 1921లో తొలిసారి టీకాగా ఇచ్చారు. కెనడాలోని కింగ్‌స్టన్‌లో అల్వారో మొరాలెస్ దానిని 9 మంది రోగుల మూత్రాశయంలోకి ఎక్కించి, 1976లో ఫలితాలు ప్రకటించారు. ఆరు వారాల లెక్క అప్పటిదే. టీకా ఆరు సీసాల పెట్టెగా రావడమే దానికి కారణం! మూత్రాశయపు గోడకు అంటుకున్న ఈ జీవులపైకి తెల్ల రక్తకణాలు పెద్దయెత్తున దండెత్తి, ఆ ఊపులోనే క్యాన్సర్ కణాలనూ చంపుతాయి. కనుక ముందుగా రోగాన్ని ఆపే టీకాగా కాక, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందుగా దీనిని చూడాలి.

రెండో సమాధానం (ఈ చికిత్స చేయించుకున్నవారు):
సన్నని గొట్టంతో మందు ఎక్కించి, రెండు గంటలు మూత్రం ఆపుకోమన్నారు. ఆ తర్వాత ఆరు గంటలపాటు కూర్చునే మూత్రవిసర్జన చేసి, ప్రతిసారీ బ్లీచ్ పోసి, పావుగంట ఆగి నీళ్లు వదిలేవాడిని. ఆ సమయంలో పాపను ఆ బాత్రూంలోకి రానీయకండి. మంట, మాటిమాటికీ మూత్రం రావడం, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం నాకు మూడో విడత నుంచి మొదలయ్యాయి.

అధ్యాపకురాలు:
జ్వరం ఎక్కువగా ఉన్నా, రెండు రోజులు దాటినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అరుదుగానైనా ఈ బాక్టీరియా రక్తంలోకి చేరవచ్చు. అప్పుడు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ వంటి క్షయ మందులే వాడతారు. పైరజినమైడ్‌కు మాత్రం ఇది లొంగదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మొదటి విడత సోమవారం. నిన్న మూత్రంలో కాస్త ఎరుపు కనిపించింది, ఫరవాలేదా?

అధ్యాపకురాలు:
మందు ఎక్కించకముందే ఆ మాట డాక్టరుగారికి చెప్పండి. రక్తం పడుతున్నప్పుడు ఎక్కించరు, వాయిదా వేస్తారు.