రోలు పోయి డప్పుతో మొరపెట్టుకోవచ్చా?

హనుమకొండ నుంచి:
పని ఎక్కువైతుందని పక్క సీటాయనతో అంటే, "రోలు పోయి డప్పుతో మొరపెట్టుకున్నట్టుంది" అన్నడు. నేను చిన్నప్పటి నుంచి విన్నది "మద్దెలతో". ఏ వాద్యమైతే ఏందని వదిలెయ్యొచ్చా?

జనగామ నుంచి:
వదిలెయ్యొద్దు. రోలుకు పోటు ఒక్క దిక్కే, మద్దెలకు రెండు దిక్కులా వాయింపే. "నీకు ఒకవైపే, నాకు రెండువైపులా" అని మద్దెల అనే జవాబు సామెతలో ఉండదు, వినేటోళ్లే పూరించుకోవాలె. డప్పు ఆ మాట ఎట్లంటది? గుండ్రటి చెక్క చట్రానికి ఒక్క దిక్కే తోలు, వెనుకంతా ఖాళీ. మార్చాల్నంటే ఒగ్గు కథ డోలు పెట్టుకోండి, దానికీ ముఖాలు రెండే: ఒకదానిమీద పుల్ల, ఇంకోదానిమీద అరచెయ్యి. ఐనవోలు మల్లన్న జాతర చూసినోళ్లకు నేను చెప్పాల్నా?

నిజామాబాద్ నుంచి:
మద్దెలనంగనే కచేరీలు గుర్తుచేసుకోకండి. చిందు భాగోతంల అది లేంది అడుగు పడదు. ఊరోళ్లకు ఎరుకైన వాద్యం కాబట్టే సామెతల నిలిచిందని నా లెక్క.

ములుగు నుంచి:
డప్పు తరఫున నేనొక మాట. మేక తోలు నానబెట్టి, చింతగింజల జిగురుతో చట్రం అంచుకు అంటించి ఆరబెడతరు. ఆరినకొద్దీ బిగుస్తది. అయితే కాస్త మబ్బు పట్టినా చాలు, చెమ్మ పీల్చి తోలు సడలుతది, కొడితే బదబదమంటది. అందుకే వాయించే ముందు గడ్డి మంట ఏసి కాపుతరు. తిప్పుకుంట, వేలితో తట్టుకుంట చూస్తరు. కణ్‌మన్నదా, తీసెయ్యాలె, ఇంకాస్త ఉంచితే తోలు పగులుతది. ఆ తర్వాత కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల, రెండూ ఆ ఒక్క ముఖం మీదనే! మద్దెలను ఎవరన్న మంటల కాల్చిన్రా?

హనుమకొండ నుంచి:
అంటే మా సీటాయన మాట ఒప్పేనా?

జనగామ నుంచి:
గోస డప్పుదే పెద్దది కావొచ్చు, కాదనను. గాని సామెత లెక్క ఒకటికి రెండు. డప్పు పెడితే చింతగింజల కాడికెళ్లి మంట దాక ఇట్ల పేరా రాసి చెప్పాల్సొస్తది. పైగా ఇప్పుడు బోల్టులు బిగించే ఫైబర్ డప్పులొచ్చినయ్, వాటికి ఆ మంట బాధ కూడా లేదు.

ములుగు నుంచి:
ఫైబర్‌దాన్ని నేను లెక్కల కలపలే!