పిల్లల సీబీటీ: సెషన్ రికార్డింగ్ విని థెరపిస్టుకు మార్కులు వేయాలా?

కృష్ణాతీరం: పిల్లలకు సీబీటీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకుంటూ భయం, దిగులు తగ్గించే మాటల చికిత్స, చేసేవాళ్లకు వర్క్‌షాప్ సర్టిఫికెట్ చాలదు. సెషన్ రికార్డింగ్ విని మార్కులు వేయాలి. బ్రిటన్‌లో సీటీఎస్-ఆర్ అనే కొలమానం వాడతారు. 12 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 6. చాలా కోర్సుల్లో 72కి 36 వస్తే పాస్.

అనుమానపక్షి: 35 వచ్చినవాళ్లు పనికిరారా?

కృష్ణాతీరం: గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదండీ.

అనుమానపక్షి: ఆ గీత పెద్దవాళ్ల సెషన్లకు గీసింది. ఎనిమిదేళ్ల పిల్లాడు అజెండా ప్రకారం కూర్చుంటాడా? బొమ్మ వేస్తూ వేస్తూ లేచి కిటికీ దగ్గరికి పోతాడు. 35కి ఏమంటారో ముందు చెప్పండి.

కృష్ణాతీరం: అందుకే 2014లో పిల్లల కోసం విడిగా సీబీటీఎస్-సీవైపీ వచ్చింది. వయసుకు తగ్గట్టు మాట్లాడారా, సెషన్ సరదాగా సాగిందా, జవాబు పిల్లలే కనుక్కునేలా చేశారా అని చూస్తారు. మీరు 35 దగ్గరే ఆగిపోయారు.

పాప_అమ్మ: మా పాపకు 13. క్లాసులో నోరు విప్పాలంటే భయం. తొమ్మిది సెషన్లూ ఊపిరి పీల్చి వదలడమే. భయపడే పనినే చిన్న చిన్న మెట్లుగా చేయించాలని తర్వాత ఇంకో మేడమ్ చెబితే తెలిసింది. అప్పటికి ఏడాది పోయింది. ఎవరైనా ఒక్క సెషన్ విన్నా దొరికిపోయేది.

అనుమానపక్షి: ఒక్కరు సరిగా చేయలేదని అందరికీ పరీక్షలా?

పాప_అమ్మ: మీకు ఒక్కరేనండీ. నాకది కూతురి ఏడాది.

రేపల్లె: గొడవ వద్దు. రికార్డింగ్‌కు పిల్లలు కూడా ఒప్పుకోవాలి కదా?

అనుమానపక్షి: క్షమించండమ్మా, అలా అనకుండా ఉండాల్సింది. నా మంట వేరే. ట్రైనింగులో నా సెషన్‌కు మార్కులు వేసినాయనకు తెలుగు రాదు. నేను రాసిచ్చిన ఇంగ్లీషు చదివి వేశారు. పిల్లాడు ‘అమ్మ అలిగింది’ అన్నాడు. అలకకు ఇంగ్లీషులో మాట దొరక్క కోపం అని రాశాను. అమ్మ ఇక మాట్లాడదేమోనని వాడి భయం. నేను దాన్ని పట్టుకునే నడిపాను. ఆయన మాత్రం, పిల్లాడు తల్లి కోపం గురించి చెబుతుంటే మీరెటో వెళ్లారని రాసి మార్కులు కోశారు.

కృష్ణాతీరం: అది అన్యాయమే. తెలుగు వచ్చినవాళ్లే వినాలి.

అనుమానపక్షి: విని, ఫలానా నిమిషంలో ఏం చేసి ఉండాల్సిందో చెప్పాలి. నేర్పడానికైతే నా రికార్డింగ్ రేపే ఇస్తాను. పాస్, ఫెయిల్ అంటే ఇవ్వను.

పాప_అమ్మ: ఫెయిల్ అనేది లేకపోతే, మా పాపతో తొమ్మిది సెషన్లూ ఊపిరి పీల్పించినావిడ ఇంకో పిల్లకు అదే చేయకుండా ఎవరు ఆపుతారు?