“పూస జరిగింది” అంటే ఏది జరిగినట్టు?

ప్రశ్న (దేవరకొండ): మా దిక్కు నడుము నొప్పి అనంగనే “పూస జరిగింది” అంటరు. స్కానింగ్ తీపిచ్చుకున్నోళ్లు “డిస్కు జారింది” అంటరు. రెండూ ఒకటేనా? ఇంకోటి, వెన్నుపూసల ఉన్న “పూస” దండల పూసేనా?

నల్లగొండ నుంచి: దండల పూసే. ఎండిన వెన్నుపూసను చేతిలకు తీసుకుంటే ఆ పేరెందుకొచ్చిందో తెలుస్తది. ముందు దిమ్మె లాంటి భాగం, వెనక కమాను, నడుమ బెజ్జం. బెజ్జాలన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి గొట్టమైతయి, అందులనుంచి వెన్నుపాము దిగుతది. వీపు మీద చెయ్యి రాస్తే తగిలే గుబ్బలు ఆ కమాను వెనక పొడుచుకొచ్చిన ముళ్లు. పోలిక ఒక్కకాడ తప్పుతది. దండల పూసలను దారం పట్టుకుంటది, ఇక్కడ దారాన్నే, అంటే వెన్నుపామునే, పూసలు కాపాడతయి. పూసలను కలిపి పట్టేవి డిస్కులు, సంధిబంధనాలు (ఎముకను ఎముకతోని కట్టే పట్టీలు), కండరాలు. దారం గూడ చివరిదాకా రాదు. పెద్దోళ్లకు నడుము పూసల్ల మొదటి, రెండో దాని కాడ్నే ఆగుతది. ఆ కిందంతా గుర్రపు తోక లెక్క నరాల కట్ట.

మిర్యాలగూడ నుంచి: ఇక జరిగేదేందంటే, నూటికి ఎక్కువపాళ్లు పూస కాదు. రెండు దిమ్మెల నడుమ ఉండే డిస్కుకు చుట్టూ పొరలు పొరలుగా గట్టి పట్టా, లోపల జిగట గుజ్జు. పట్టా చీలితే గుజ్జు వెనక్కి ఉబికి నరాన్ని నొక్కుతది. అందుకే నొప్పి నడుము కాడ ఆగకుండ పిర్ర మీదుగా పిక్కకు, పాదానికి గుంజుతది. నాలుగు, అయిదు నడుము పూసల నడుమ, అయిదో పూసకూ దాని కింద ఉండే త్రికం అనే ఎముకకూ నడుమ ఇది ఎక్కువ.

నన్నడిగితే “డిస్కు జారింది” గూడ తప్పు మాటే. అది పైపూసకూ కిందిపూసకూ అతుక్కొని ఉంటది, సబ్బుబిళ్ల లెక్క జారదు. “ఉబికింది” అంటే సరిపోతది. పూసే ముందుకు జరిగే జబ్బు వేరే ఉన్నది, డాక్టర్లు స్పాండిలోలిస్థెసిస్ అంటరు. మన ఊరి మాట అచ్చంగా అతికేది దానికే.

అచ్చంపేట నుంచి: జీవశాస్త్రం చెప్పేటోళ్లకు లెక్క గూడ చిక్కే. పుట్టుకతోని 33 పూసలు, పెద్దయినంక 26 ఎముకలు. మెడకు 7, ఛాతీకి 12, నడుముకు 5. కింద 5 కలిసి త్రికం, ఆఖరి 4 కలిసి ముడ్డిపూస. ఆ ముడ్డిపూసకు పూస అనే పేరున్నది గని బెజ్జం లేదు! పైన మొదటి మెడపూసకు దిమ్మె లేదు, వట్టి ఉంగరం. పుర్రె దాని మీద కూసొని “అవును” అని ఊగుతది. “కాదు” అని తల తిప్పేటప్పుడు ఆ ఉంగరం రెండో పూస మీద మేకు లెక్క పైకి పొడుచుకొచ్చిన ముక్క చుట్టూ తిరుగుతది. ఆ రెండింటి నడుమ డిస్కు ఉండదు.

మర్రిగూడ నుంచి: మా దిక్కు ఇంకో సంగతి. ఫ్లోరైడ్ నీళ్లు ఏండ్లకేండ్లు తాగినోళ్లకు పూసలు జరగవు, బిగుస్తయి. సంధిబంధనాలల్ల సున్నం పేరుకొని పూసకు పూస అతుక్కుంటది. మెడ తిప్పాలంటే మనిషే తిరగాలె. గొట్టం ఇరుకైతే వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతయి. తాగే నీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము మించొద్దని ప్రమాణం. వేరే నీళ్లు దొరకనికాడ 1.5. ఇసొంటోళ్లను “పూస జరిగింది” అని తోమిపిచ్చుడు, గుంజిపిచ్చుడు చాన ప్రమాదం. ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లతోని తన్నిపిచ్చుడు గూడ అంతే.

నల్లగొండ నుంచి (మళ్లీ): తాటిచెట్టు మీంచి పడ్డప్పుడు గూడ ఇదే మాట వాడతరు. అక్కడ పూస నుజ్జు అయి ఉండొచ్చు. పక్కటెముకలతోని బిగిసి ఉన్న ఛాతీ పూసలు ఆగి, కదిలే నడుము పూసలు మొదలయ్యే కాడ, అంటే పన్నెండో ఛాతీ పూస, మొదటి నడుము పూస దగ్గర, దెబ్బ ఎక్కువ. పడ్డ మనిషిని కూసోబెట్టొద్దు, నీళ్లు తాపిస్తమని లేపొద్దు, కాళ్లు చేతులు పట్టి మోయొద్దు. 108కి చేసి కదలకుండ ఉంచాలె. తప్పనిసరి అయితే ఒకరు తల, మెడ పట్టుకోని, ముగ్గురు ఒక్కసారే మొద్దును దొర్లిచ్చినట్టు తిప్పి పలక మీదకు చేర్చాలె. కాళ్లు తిమ్మిరెక్కినా, ఉచ్చ ఆగిపోయినా, రేపు చూద్దాం అనొద్దు. ఇది డిస్కు ఉబికినోళ్లకు గూడ వర్తిస్తది.

ప్రశ్న (దేవరకొండ): మంచిగ చెప్పిన్రు. మరి “వెన్నుబొక్క” అనొచ్చా? గుంటూరు దోస్తు నవ్విండు.

వనపర్తి నుంచి: నవ్వనీయండి. వాళ్లకు బొక్క అంటే రంధ్రం, మనకు ఎముక. మటన్ కొట్టుకాడ “నల్లిబొక్క వెయ్యి” అంటే ఎవ్వరూ రంధ్రం కట్టియ్యరు కదా. రంధ్రానికి మన మాట పొక్క. అట్ల చూస్తే వెన్నుపూస అంటే నడుమ పొక్క ఉన్న బొక్క.