ఎలక్ట్రానిక్ స్కోరింగ్ మెషిన్‌కు ఏ కోడ్? 8531 వేస్తే క్వెరీ వచ్చింది

కార్గో_రాము · రాత్రి 11:40
పొద్దున్నుంచి టారిఫ్ బుక్కు ముందేసుకుని కూర్చున్నా, తేలట్లేదు. స్పోర్ట్స్ స్కోరింగ్ మెషిన్లు వచ్చాయి. ఎల్‌ఈడీ ఉంది కదా అని 8531 20 00 (ఎల్‌ఈడీ ఇండికేటర్ ప్యానెళ్లు) కింద బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో వేసే పత్రం) వేశాం. ఫేస్‌లెస్ గ్రూపు (ఆన్‌లైన్‌లో డ్యూటీ తేల్చే కస్టమ్స్ అధికారులు) వాళ్లు ‘9506 ఎందుకు కాదో తెలపండి’ అని క్వెరీ పెట్టారు. 9506 అంటే ఆట సామాన్లు. సరుకు ఎయిర్ కార్గో షెడ్‌లో ఉంది, డెమరేజ్ (ఆలస్యానికి షెడ్డు అద్దె) పడుతోంది. కరెక్ట్ హెచ్‌ఎస్ కోడ్ (సరుకుల వర్గీకరణ నంబరు) ఏదో చెప్పండి చాలు. చాలా అర్జెంటు.

సిద్దిపేట_శీను · 11:46
ఏ ఆట?

టారిఫ్_మాస్టారు · 11:58
ముందు ఒక మాట సరిచేసుకోవాలి. హెచ్‌ఎస్ కోడ్ అంటే 6 అంకెలే, అది అన్ని దేశాలకూ ఒకటే. ఆ తర్వాతి రెండు అంకెలు మన 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం షెడ్యూల్‌వి. మొత్తం 8 అంకెలు కలిస్తే టారిఫ్ ఐటెమ్. మొదటి 4 అంకెలు హెడింగ్. క్వెరీ జవాబులో ఈ మాటలు కలగాపులగం చేస్తే, మీరు హెడింగ్ మీద వాదిస్తున్నారో సబ్‌హెడింగ్ మీదో అవతలివాళ్లకు అర్థం కాదు. టారిఫ్ వ్యాఖ్యాన నియమాల్లో హెడింగ్ తేల్చడానికి రూల్ 1, సబ్‌హెడింగ్‌కు (6 అంకెలది) రూల్ 6. ఎల్‌ఈడీ ఉందన్నది సబ్‌హెడింగ్ సంగతి. హెడింగ్ తేలకుండా అక్కడికి పోకూడదు.

కార్గో_రాము · రాత్రి 12:03
మాస్టారూ, అదంతా రేపు చదువుకుంటా. ఫెన్సింగ్ మెషిన్ అండీ.

సిద్దిపేట_శీను · 12:05
ఫెన్సింగ్ అంటే పొలం కంచెకు కరెంటు ఇచ్చే ఎనర్జైజరా? అది 8543. స్కోరింగ్ ఎందుకన్నవ్ మరి?

కార్గో_రాము · 12:07
కంచె కాదన్నా, కత్తులతో ఆడే ఆట. ఒలింపిక్స్‌లో ఉంటుందే, అది. తగిలితే లైటు వెలుగుతుంది.

లత_ఎక్జిమ్ · 12:21
రాము గారూ, ఇన్వాయిస్‌లో వర్ణన ఏమని ఉంది? ప్యాకింగ్ లిస్టులో ఏమేం ఉన్నాయి? ఒక్క మెషినేనా, రీళ్లు, తీగలు కూడా వచ్చాయా? ఇంపోర్టర్ ఎవరు? ఇవి తెలియకుండా ఎవరు కోడ్ చెప్పినా గుడ్డిగా చెప్పినట్టే.

వైర్‌లెస్_వేణు · 12:30
ఇంపోర్టర్ సంగతి తర్వాత. అందులో రేడియో ఉందా లేదా చూడండి. 2.4 గిగాహెర్ట్‌జ్ బ్లూటూత్, వైఫై మాడ్యూల్ ఏది ఉన్నా డబ్ల్యూపీసీ (టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం) ఇచ్చే ఈటీఏ అనే అనుమతి కావాలి. మోడల్ నంబరు మీద తీసుకోవాలి. ఈటీఏ సర్టిఫికెట్‌లోని మోడల్, డబ్బా మీది మోడల్ ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆపేస్తారు. క్లాసిఫికేషన్ గెలిచినా ఈటీఏ లేకపోతే సరుకు బయటికి రాదు. ఫోన్ యాప్‌తో కలిసే స్కోరింగ్ మెషిన్లలో రేడియో సాధారణంగా ఉంటుంది, కేటలాగులో మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కార్గో_రాము · 12:44
రిమోట్ ఉంది, టీవీ రిమోట్ లాంటిదే, ఇన్‌ఫ్రారెడ్. బ్లూటూత్ లేదు, సప్లయర్‌ను అడిగా.
లత గారూ, ఇన్వాయిస్‌లో ‘ఎలక్ట్రానిక్ స్కోర్‌బోర్డు సెట్, 4 సెట్లు’ అని ఒకటే లైను. లోపల 4 మెషిన్లు, 8 రీళ్లు, 8 ఫ్లోర్ కేబుళ్లు, 4 రిమోట్లు, 4 అడాప్టర్లు, 30 బాడీ వైర్లు, 20 ఎపే కత్తులు (ఫెన్సింగ్ కత్తులు ఎపే, ఫాయిల్, సేబర్ అని మూడు రకాలు). అసెసబుల్ విలువ (డ్యూటీ లెక్కకు తీసుకునేది) 6,40,000 రూపాయలు. ఇంపోర్టర్ ట్రేడరు. అంతా కలిపి 8531లోనే వేసేశాం.

లత_ఎక్జిమ్ · 12:52
అయ్యో, కత్తులు కూడానా! అసలు ఇబ్బంది అక్కడే ఉంది. క్వెరీ ఆ తర్వాత.

సెక్షన్_నోట్స్ · 1:15
లత గారి మాటే నాదీ. ఎపే కత్తిని 8531లో చూపించడానికి ఏ వాదనా లేదు. సరుకు తెరిచి చూస్తే బిల్ ఆఫ్ ఎంట్రీలోని వివరానికి, డబ్బాలోని వస్తువుకు పొంతన కుదరదు. అది కస్టమ్స్ చట్టం సెక్షన్ 111(ఎం) కింద జప్తు, 112 కింద పెనాల్టీ దాకా పోతుంది. రేపు ఉదయం మొదటి పని క్వెరీకి జవాబు కాదు. సప్లయర్ దగ్గర వస్తువారీ ధరల విడి పట్టిక తెప్పించి, సెక్షన్ 149 కింద సవరణకు దరఖాస్తు పెట్టండి. అధికారి కనిపెట్టాక పెట్టే సవరణ కన్నా మీరే ముందు పెట్టిన సవరణకు విలువ ఎక్కువ.

కత్తులు చూసి 9307 (ఆయుధాల కోడ్) అని ఎవరైనా భయపెడితే బెదరకండి. 93వ అధ్యాయం నోట్ 1లోనే విల్లులు, బాణాలు, ఫెన్సింగ్ ఫాయిళ్లు 95వ అధ్యాయానివని రాసి ఉంది. ఎపే కూడా అదే జాతి. టారిఫ్ ఐటెమ్ 9506 99 90.

ఇక మెషిన్. దాన్ని స్కోర్‌బోర్డు అనడమే తప్పు. స్కోర్‌బోర్డు మనం నొక్కిన అంకెను చూపిస్తుంది, అంతే. ఇది దెబ్బ తగిలిందో లేదో తానే తేలుస్తుంది. ఎపేలో మొన మీద 750 గ్రాముల బరువును దాటి నొక్కితే సర్క్యూట్ కలుస్తుంది. ఫాయిల్‌లో 500 గ్రాములు, అక్కడ సర్క్యూట్ తెగుతుంది. ఎపేలో మొదటి దెబ్బ తర్వాత దాదాపు 40–50 మిల్లీసెకన్లు దాటి వచ్చిన ఎదుటివాడి దెబ్బను మెషిన్ నమోదు చేయదు. ఫాయిల్‌లో ఆ వ్యవధి 300, సేబర్‌లో 170. కత్తి, ఒంటి తీగ, రీలు, మెషిన్ అన్నీ కలిసి ఒకే సర్క్యూట్. ఆట నియమాలే మెషిన్ లోపల ఉన్నాయి. అందుకే నా లెక్కలో అది 9506 సరంజామా.

అది 95వ అధ్యాయం వస్తువైతే, టారిఫ్ 16వ సెక్షన్ (84, 85 అధ్యాయాలు) నోట్ 1(పి) దాన్ని 85లోకి రానివ్వదు. 90లోకి (కొలత పరికరాల్లాంటివాటి అధ్యాయం) తీసుకుపోదామన్నా ఆ అధ్యాయం నోట్ 1(కె) అడ్డుకుంటుంది.

టారిఫ్_మాస్టారు · 1:34
ఒప్పుకోను. 95వ అధ్యాయం వస్తువు ‘అయితే’ అన్నారు. తేలాల్సిందే అది కదా! 8531 హెడింగ్ మాటలు చూడండి: శబ్దంతో గానీ కంటికి కనపడేలా గానీ సంకేతమిచ్చే విద్యుత్ పరికరం. బజరు మోగుతుంది, ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు దీపాలు వెలుగుతాయి. ఆటగాడు దాన్ని చేత్తో పట్టుకోడు, ఒంటికి తొడుక్కోడు. చూసేది రిఫరీ. రిఫరీ విజిల్ కూడా 95 కాదు, 9208.

కాకపోతే రాము గారు వేసిన 8531 20 మాత్రం నిలవదు. ఆ సబ్‌హెడింగ్ ఇండికేటర్ ప్యానెళ్లది. దీని పని ప్యానెల్ పని కాదు. 8531లోనే ఉంచాలంటే 8531 80 మీద వాదించాలి. వీడియో సిగ్నల్ తీసుకునే తెర ఉంటే 8528 ప్రశ్న కూడా లేస్తుంది.

సెక్షన్_నోట్స్ · 1:41
విజిల్ ఏ ఆటకైనా పనికొస్తుంది, పోలీసుకూ పనికొస్తుంది. ఈ మెషిన్ ఫెన్సింగ్‌కు తప్ప మరి దేనికీ పనికిరాదు. పోలిక కుదరదు మాస్టారూ.

సిద్దిపేట_శీను · 1:43
డ్యూటీ తేడా ఎంత? అది చెప్పుర్రి ముందుగాల.

లత_ఎక్జిమ్ · 1:50
8531 20 ఐటీ ఒప్పందంలోని (ఐటీ వస్తువులకు సుంకం తీసేసిన అంతర్జాతీయ ఒప్పందం) వస్తువు, బేసిక్ డ్యూటీ లేదు. 9506లో వ్యాయామ పరికరాలు కాని ఆట వస్తువులకు 2018 బడ్జెట్‌లో 10 నుంచి 20 శాతం చేశారు. 6,40,000 మీద బేసిక్ 1,28,000, దాని మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 12,800. మొత్తం 1,40,800, పైగా ఇది క్రెడిట్ రాదు. ఐజీఎస్టీ రిజిస్టర్ అయిన ట్రేడరుకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి దాన్ని ఖర్చుగా లెక్కేయక్కర్లేదు. రేటు ఎప్పుడూ సెక్షన్ 15 ప్రకారం వర్తించే తేదీది తీసుకోవాలి, పాత చార్టు చూడకండి.

మిగతా ముక్కలు: రీళ్లు, బాడీ వైర్లు ఈ ఆటకే పనికొచ్చేవి, 95వ అధ్యాయం నోట్ 3 కింద మెషిన్‌తో పోతాయి. విడి లైన్లుగా చూపిస్తే ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ మాత్రం పోదు, అదే అధ్యాయం నోట్ 1(ఎం) దాన్ని 8543కి పంపుతుంది. అడాప్టర్ 8504. మామూలు ప్లగ్గులున్న ఫ్లోర్ కేబుల్ అయితే 8544 అంటారు. ప్లగ్ ఫొటో పెట్టండి.

కార్గో_రాము · 1:58
అన్నీ కలిపి ఫంక్షనల్ యూనిట్ (కలిసి ఒకే పని చేసే భాగాలు) అని ఒకే కోడ్‌లో వేయకూడదా?

సెక్షన్_నోట్స్ · 2:04
16వ సెక్షన్ నోట్ 4 మీకు పనికిరాదు. అది 84, 85 అధ్యాయాల పనికే. 9506కి పోతే ఆ వెసులుబాటు లేదు. రూల్ 3(బి) సెట్ అందామన్నా రిటైల్ అమ్మకానికి కట్టిన సెట్ అయి ఉండాలి. విడివిడి కార్టన్లలో వచ్చినదాన్ని అలా నిలబెట్టడం కష్టం.

లత_ఎక్జిమ్ · 2:12
జవాబుకు జత చేయాల్సినవి: కేటలాగు, సర్క్యూట్ డయాగ్రమ్, పనితీరు మీద ఒక పేజీ. ఈ-సంచిత్‌లో (కస్టమ్స్ పత్రాల ఆన్‌లైన్ వ్యవస్థ) ఎక్కించి, వచ్చే ఐఆర్‌ఎన్‌లు (పత్రాల నంబర్లు) జవాబులో రాయండి. మెషిన్ మీద 8531 పట్టుదల ఉంటే రెండు దారులు. సెక్షన్ 18 కింద బాండ్ మీద ప్రొవిజనల్ అసెస్‌మెంట్ (తాత్కాలిక డ్యూటీ లెక్క) అడగొచ్చు. లేదా వాళ్ల కోడ్ ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా చెప్పి కట్టేసి, 17(5) కింద 15 రోజుల్లో రావాల్సిన స్పీకింగ్ ఆర్డర్ (కారణాలు రాసిన ఉత్తర్వు) తీసుకుని, 60 రోజుల్లో సెక్షన్ 128 అప్పీలుకు పోవచ్చు. అసెస్‌మెంట్‌ను సవాలు చేయకుండా నేరుగా రీఫండ్ అడిగితే 2019లో ఐటీసీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో అది నిలవదు. తేలేదాకా డెమరేజ్ భరించలేకపోతే సెక్షన్ 49 కింద వేర్‌హౌస్‌కు మార్చమని అడగండి, 30 రోజులు ఇస్తారు. మళ్లీ ఇదే సరుకు తెప్పించే పనుంటే వచ్చేలోపే అడ్వాన్స్ రూలింగ్ (కోడ్ మీద ముందస్తు నిర్ణయం) తీసుకోవడం మేలు.

వైర్‌లెస్_వేణు · 2:20
రిపీటర్ లైట్లు (మెషిన్ దీపాలను దూరంగా మళ్లీ చూపేవి) ఉన్నాయా? కొన్నిటిలో రేడియో ఉంటుంది. మళ్లీ అడుగుతున్నా.

టారిఫ్_మాస్టారు · ఉదయం 7:05
సెక్షన్_నోట్స్ గారూ, విజిల్ సంగతి పక్కన పెట్టండి. ‘ఆట సరంజామా’ అంటే ఆటగాడు వాడేదా, ఆట నడపడానికి వాడేదా? 9506లో టేబుల్ టెన్నిస్ వల ఉంది, దాన్ని ఎవరూ చేత్తో పట్టుకోరు నిజమే. ఆ మేరకు మీ వాదనకు బలముంది. దీపాలున్న భాగం విడిగా వస్తే మాత్రం 8531 అనే అంటాను.

కార్గో_రాము · నాలుగు రోజుల తర్వాత
అవుట్ ఆఫ్ చార్జ్ (సరుకు వదిలే ఉత్తర్వు) వచ్చింది. అందరికీ థాంక్స్ అండీ.

లత_ఎక్జిమ్
మంచిది. మెషిన్ ఏ కోడ్ మీద వదిలారు? కత్తులకు సవరణ ఒప్పుకున్నారా?

సిద్దిపేట_శీను
రిమోట్‌ది కూడా రాయ్ అన్నా.