విశాఖలో సోమాలీ అమ్మాయి పెళ్లి వేడుక: ఆడవాళ్ల సాయంత్రానికి ఏమేం చూసుకోవాలి?

ఎంవీపీ వాసి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. ఇక్కడ యూనివర్సిటీలో చదువుతున్న ఒక సోమాలీ అమ్మాయికి పెళ్లి వేడుక చెయ్యాలి. అమ్మాయి పెరిగింది నైరోబీలోని ఈస్ట్‌లీలో. పెళ్లికొడుకు కూడా సోమాలీయే, బర్మింగ్‌హామ్‌లో ఉంటాడు. నికా నైరోబీలో పెద్దల మధ్య జరిగింది, అమ్మాయి తరఫున తండ్రి కూర్చున్నారు. పరీక్షలయ్యేవరకు అమ్మాయి ఇక్కడే ఉంటుంది. ఈలోగా ఆడవాళ్లంతా చేరి ఒక సాయంత్రం చేద్దామని స్నేహితురాళ్ల పట్టు. మొత్తం అరవై మంది, అందులో ఇరవై మంది మన తెలుగువాళ్లు. ఆ రాత్రే "షాష్ సార్" కూడా పెట్టేద్దామని కొందరంటున్నారు.

హాలు ఎలాంటిది తీసుకోవాలి? వంటమాస్టరేమో "బిర్యానీ పెడితే చాలు, వాళ్లూ అదేగా తినేది" అంటున్నారు, నిజమేనా? మన ఆడవాళ్లు ఏం పట్టుకెళ్లాలి, ఏ మాటలు అడక్కూడదు? కట్నం ఎంత అని అడిగేవాళ్లు మనలో ఉంటారు కాబట్టి ముందే చెప్పి ఉంచాలి. పెళ్లి కాగితాల సంగతి తెలిసినవారుంటే అదీ చెప్పండి.

కొబ్బరితోట:

ముందు షాష్ సార్ సంగతి. షాష్ అంటే పెళ్లయిన స్త్రీ తలకు కట్టుకునే గుడ్డ. పెళ్లయి కాపురానికి వెళ్లాక, పాత పద్ధతిలో ఏడో రోజున, పెద్ద ముత్తైదువలు ఒక్కొక్కరుగా వచ్చి పెళ్లికూతురి తలమీద ఆ గుడ్డ వేస్తారు. ఇక్కడ నికా మాత్రమే అయింది, అమ్మాయి ఇంకా భర్త దగ్గరికి వెళ్లలేదు. విదేశాల్లో హాలు దొరికిన రోజే ముహూర్తమై రోజులు ముందువెనకలవుతున్నాయి, నిజమే. కానీ ఆ గుడ్డ వేసే హక్కు తల్లికి, అత్తలకు, పెద్దమ్మలకు ఉంటుంది. వాళ్లు లేకుండా స్నేహితురాళ్లు వేసేస్తే తల్లి మనసు కష్టపడుతుంది. నైరోబీకి ఫోన్ చేసి తల్లిని అడగండి. ఆవిడ వద్దంటే ఈ సాయంత్రాన్ని గోరింటాకు, బురాంబుర్‌లతో చేసుకోండి, లోటేమీ ఉండదు.

బురాంబుర్ అంటే సోమాలీ స్త్రీల సొంత కవిత్వం. మగవాళ్ల ఛందస్సులు వేరు. చదివే ఆవిడ మైకు పట్టుకుని పెళ్లికూతురిని, రెండు వైపుల వంశాలను పొగుడుతూ పద్యం అందుకుంటుంది. మిగతావాళ్లు చప్పట్లతో, దుర్బాన్ అనే డోలుతో వంత పాడతారు. ఇద్దరేసి మధ్యలోకి వచ్చి భుజం మీది శాలువా చాపి తిరుగుతారు. చదివేవారికి వారం ముందే రెండు కుటుంబాల పేర్లు, తాతముత్తాతల పేర్లు అందించాలి. పేరు తప్పినా, ఒక వైపును వదిలేసినా అక్కడే ముఖాలు మాడతాయి.

ఇక కట్నం మాట. మనకు అలవాటైన కట్నం సోమాలీలలో లేదు, డబ్బు నడిచేది ఎదురు దిశలో. అమ్మాయిని అడగడానికి వచ్చే పెద్దలు ఆమె పెద్దలకు ఇచ్చేది సోర్యో. వరుడి వంశం వధువు వంశానికి ఇచ్చేది యరద్, ఎడారి బతుకులో అది ఒంటెల్లో లెక్క. మెహర్ మాత్రం పూర్తిగా పెళ్లికూతురిది. అది ఎంతో ఆమే చెబుతుంది, నికా సమయంలో అందరి ముందూ చదువుతారు, అప్పుడే ఇవ్వచ్చు లేదా బాకీ ఉంచచ్చు. బంగారం, నగదు, హజ్ యాత్ర, ఒక ఖురాన్ ప్రతి, ఏదైనా కావచ్చు. లండన్, టొరంటో, మినియాపొలిస్ లాంటి చోట్ల పెరిగిన యువతలో వాదన ఎక్కువగా దీని చుట్టూనే తిరుగుతుంది. మెహర్ ఎక్కువైతే చదువు అప్పులున్న అబ్బాయిలు పెళ్లి వాయిదా వేస్తారని ఒక పక్షం. విడాకులైతే ఆడపిల్ల చేతిలో మిగిలేది అదొక్కటే, ఎందుకు తగ్గించుకోవాలని ఇంకో పక్షం. రెండో వాదనే నాకు బలంగా కనిపిస్తుంది. అందుకే "మెహర్ ఎంత?" అని మనం అడగకూడదు. అది ఆమె సొంత ఆస్తి.

అంతకన్నా సున్నితమైనది ఖబీల్, అంటే వంశశాఖ. సోమాలీ పిల్లలకు అబ్తిర్సీన్యో అని తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరసగా నేర్పేవారు. ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే ఆ పేర్ల వరసతోనే చుట్టరికం తేలేది. పశుపోషణ చేసే ఉత్తరాది సోమాలీల్లో తండ్రి వైపు దగ్గరివారిని పెళ్లాడకుండా దూరపు శాఖల్లో ఇచ్చిపుచ్చుకోవడం ఆనవాయితీ. పెళ్లితో రెండు శాఖల మధ్య పగ తగ్గేది, నీళ్లకూ మేతకూ దారి దొరికేది. మనవైపు మేనరికాలు చూసినవాళ్లు "బావా మరదళ్లేనా?" అని సరదాకి అడుగుతారు, ఆ సరదా అక్కడ వద్దు. 1991లో ప్రభుత్వం కూలిపోయాక ఇదే ఖబీల్ పేరున రక్తం పారింది. కాబట్టి విదేశాల్లో పెరిగిన పిల్లల్లో చాలామంది "దీన్ (మతనిష్ఠ), గుణం చూస్తాం, ఖబీల్ చూడం" అంటారు. పెద్దలు మాత్రం మొదట అడిగేది అదే. వాయవ్యంలోని గబోయే లాంటి వృత్తి కులాల వారితోనూ, బంటూ మూలాలున్న వారితోనూ పెళ్లి అంటే ఇప్పటికీ ఇళ్లలో గొడవలవుతాయి. కులం మాట మనకు తెలియనిది కాదు కదండి, అందుకే అసలు ఎత్తవద్దు.

పేరు విషయం కూడా. సోమాలీ స్త్రీ పెళ్లయ్యాక పేరు మార్చుకోదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. "ఇకనుంచి నీ ఇంటిపేరు ఏమిటి?" అనేది అర్థం లేని ప్రశ్న అవుతుంది. 1972 నుంచి వాళ్ల భాషకు లాటిన్ లిపి వచ్చింది. అందులో ఎక్స్ అక్షరాన్ని గొంతులోంచి వచ్చే హ గానూ, సీ అక్షరాన్ని గొంతు లోతు నుంచి వచ్చే అ లాగానూ పలకాలి. ఫ్లెక్సీ వేయించేటప్పుడు దుకాణంవాళ్లు అక్షరదోషం అనుకుని పేరును "సరిచేసేస్తారు". పెళ్లికూతురు పంపిన అక్షరాలే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

హాలు లెక్కలు:

హాలు సంగతి నేను చెబుతాను. డాబా, బీచ్ పక్క లాన్ రెండూ వద్దు. చుట్టుపక్కల ఎత్తు భవనాల నుంచి కనిపిస్తుంది, పైగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు నిషేధం. తలుపులు మూసిన హాల్లో లోపలికి మాత్రమే వినబడేలా వాడుకోవడానికి అదే నిబంధనల్లో వెసులుబాటుంది, అయినా ఫిర్యాదు వెళితే పోలీసులు వస్తారు. కార్డులో సాయంత్రం 4 అని వేస్తే జనం నిండేసరికి 6.30 అవుతుంది, సోమాలీ వేడుకలు ఆలస్యంగానే వేడెక్కుతాయి. హాలు 3 నుంచి 11 దాకా మాట్లాడుకుని, మైకు పని 10 లోపు ముగించండి.

అన్నిటికన్నా ముఖ్యం కెమెరా. ఆడవాళ్లు తలగుడ్డలు తీసి, పల్చని దిరా గౌన్లలో నాట్యం చేస్తారు, ఒక్క వీడియో బయటికెళ్లినా కాపురాల మీదికి వస్తుంది. హాల్లోని సీసీ కెమెరాలకు గుడ్డ కట్టడం కాదు, ఆ గంటల్లో లోపలి కెమెరాల కనెక్షన్ తీయించాలి. ఈ మాట బుకింగ్ రోజునే కాగితం మీద రాయించుకోండి. గుమ్మం దగ్గర ఒకరు కూర్చుని ప్రతి ఫోన్ కెమెరా మీద, ముందూ వెనకా, చిన్న స్టిక్కర్ అంటించాలి. మన ఇరవై మందికి ఇది ముందే చెప్పకపోతే అక్కడ చిన్నబుచ్చుకుంటారు. వడ్డించేవారు, సౌండ్ చూసేవారు ఆడవాళ్లే కావాలి. సౌండ్‌కు ఆడమనిషి దొరక్కపోతే స్పీకర్లు మూడింటికే పెట్టించి ఆయన్ని పంపేయండి, ఫోన్ నుంచి పాటలు నడుస్తాయి.

కుర్చీలు మూడు వైపులా వేసి మధ్యలో 15 అడుగులకు 15 అడుగులు ఖాళీ వదలండి. దబ్‌ఖాద్ అనే ధూపపు కుంపటి తిప్పుతారు. అందులో వేసేది ఊన్సి, పంచదార పాకంలో పరిమళాలు కలిపి చేసే ధూపం. మన సాంబ్రాణి కన్నా పొగ చిక్కగా వస్తుంది, పైకప్పుకు పొగ గంటలున్న ఏసీ హాలైతే మోగుతాయి. యాజమాన్యానికి ముందే చెప్పి, ఇసుక పోసిన పళ్లెంలో పెట్టి, నాట్యానికి దూరంగా ఉంచండి. దిరా అంచు నేలమీద ఈడుస్తుంది, నిప్పు తగిలితే క్షణంలో అంటుకుంటుంది.

పూర్ణా మార్కెట్ వంటలు:

మాస్టరు గారికి మర్యాదగానే చెప్పండి, అది బిర్యానీ కాదు. సోమాలీలు వండే మాంసపు అన్నం పేరు బరీస్. అందులో పొరలు లేవు, దమ్ము లేదు, పుదీనా లేదు, పచ్చిమిర్చి అసలు లేదు. మాంసం ఉడికిన నీళ్లలోనే బియ్యం ఉడకాలి.

అరవై మందికి బాస్మతి 7 కిలోలు, ఎముకతో హలాల్ మేకమాంసం 14 కిలోలు. మాంసాన్ని ఉల్లిపాయ, యాలకులు, దాల్చినచెక్క, ఉప్పుతో గంటన్నర ఉడికించి తీసి, విడిగా వేయించాలి. ఆ నీళ్లు వడకట్టి, గిన్నె బియ్యానికి గిన్నెన్నర చొప్పున కొలవాలి. బియ్యం అరగంట నానాలి. ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే: మాస్టర్లు అలవాటుగా బియ్యాన్ని ముప్పావు ఉడికించి వారుస్తారు. అలా చేస్తే మాంసపు రుచంతా కాలవలో పోతుంది. రెండో తప్పు, నీళ్లలో ఉప్పుందని మరిచి మళ్లీ వేయడం.

మసాలా పేరు హవాష్. జీలకర్ర 40 గ్రాములు, ధనియాలు 40, మిరియాలు 15, యాలకులు 8, దాల్చినచెక్క 8, లవంగం 4 సన్నసెగ మీద వేయించి, చల్లారాక పొడికొట్టి పసుపు 15 కలపండి. పసుపు వేయించకూడదు, చేదెక్కుతుంది. లవంగం పెంచినా అంతే. ఈ కొలత 7 కిలోలకు సరిపోతుంది. పైన వేయించిన ఉల్లి, కిస్‌మిస్. కారం విడిగా: పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి, నిమ్మరసం నూరిన బస్‌బాస్.

ప్రతి పళ్లెంలో అరటిపండు ఉండి తీరాలి. అది భోజనం తర్వాత తినేది కాదు, ముద్దముద్దకూ అన్నంతో కలిపి కొరుక్కునేది. మరీ మగ్గనివి 80 తెప్పించండి. ఒకే పెద్ద పళ్లెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని కుడిచేత్తో తింటారు, మనవాళ్లలో ఇష్టపడనివారికి విడి పళ్లేలు ఉంచండి. శాకాహారులకు "అంబూలో" అనే గింజల వంటకం పెట్టచ్చు. అసలు వాడే చిన్న ఎర్ర గింజలు ఇక్కడ దొరక్కపోతే ఎర్ర బొబ్బర్లు రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించి, పంచదార, నువ్వులనూనె వేసి వడ్డించండి.

తీపికి హల్వో. మన మాడుగుల హల్వా గోధుమ పాలతో, ఇది కార్న్‌ఫ్లోర్‌తో, అంటే మొక్కజొన్న గంజిపిండితో. పంచదార కిలోకు పిండి 150 గ్రాములు, నెయ్యి 200, యాలకులు, జాజికాయ. పిండిని చన్నీళ్లలో కలిపాకే మరిగే పాకంలో సన్నధారగా పోయాలి, పొడిగా వేస్తే ఉండలు కడుతుంది. నెయ్యి పక్కలకు విడిచేదాకా కలపడం ఆపకూడదు. అంత ఓపిక లేకపోతే మాడుగుల హల్వాయే తెప్పించండి, ఆనందంగా తింటారు. టీలో యాలకులు, దాల్చిన, లవంగం, అల్లం పడతాయి, పంచదార మనకన్నా ఎక్కువే.

దస్తావేజు:

కాగితాల గురించి క్లుప్తంగా. విశాఖలో మళ్లీ రిజిస్టర్ చేయించే ప్రయత్నం వద్దు. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద వేరే పద్ధతిలో జరిగిన పెళ్లిని నమోదు చేయాలంటే ఇద్దరూ ఈ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి, ఆపైన 30 రోజుల నోటీసు. పెళ్లికొడుకు అన్నాళ్లు ఇక్కడ ఉండలేడు. కెన్యా వివాహ చట్టం, 2014 ఇస్లామిక్ వివాహాలను గుర్తించి నమోదు చేయమంటుంది. అక్కడి ధ్రువపత్రమే తీసుకోవాలి, భార్యగా వీసాకు పనికొచ్చేదీ అదే. పాస్‌పోర్టులోని మూడు పేర్లూ అదే వరసలో, అదే అక్షరాల్లో ఉండాలి.

బర్మింగ్‌హామ్‌లో ఇంకోసారి నికా చదివిస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. ఇంగ్లండ్‌లో సివిల్ నమోదు లేకుండా చేసిన నికాకు చట్టం దృష్టిలో పెళ్లి హోదా లేదని 2020లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. ఈ సంగతి తెలియక విడిపోయినప్పుడు ఇల్లు, భరణం దక్కక నష్టపోయేది ఎక్కువగా ఆడపిల్లలే.

బయటి దేశాల నుంచి వచ్చే అతిథులు మీ ఇంట్లో రాత్రి ఉంటే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు నమోదు చేయాలి, సీ ఫారం అంటుంటారే, అదే.

ఎంవీపీ వాసి:

ఎంతో మేలు చేశారండి. తల్లిగారిని అడిగాం, షాష్ తనే వేస్తానన్నారు, ఇప్పుడు వద్దన్నారు. ఇంకొక్కటే సందేహం. మనవాళ్లు గుమ్మంలో బొట్టు పెట్టి, చదివింపులు రాయించే పద్ధతి పెడదామంటున్నారు, సరేనా?

కొబ్బరితోట:

బొట్టు వద్దు, పన్నీరు చల్లండి, అత్తరు రాయండి. అవి వాళ్లకూ ఇష్టమే. చదివింపులు మైకులో చదవద్దు. కవరులో పెట్టి పెళ్లికూతురి దగ్గర కూర్చున్న స్నేహితురాలి చేతికివ్వండి. అందరూ కలిసి ఇవ్వాలనుకుంటే వాళ్లకే ఒక పద్ధతుంది, హగ్బద్ లేదా అయూతో అంటారు. మన చీటీ లాంటిదే, కానీ పాట ఉండదు, కమీషన్ ఉండదు. పదిమంది నెలకు 2,000 చొప్పున వేసుకుంటే నెలకొకరికి 20,000 అందుతుంది, పెళ్లి ఉన్నవారికి మొదటి వంతు వదులుతారు. స్నేహితురాళ్లు ఇప్పటికే వేస్తూ ఉండచ్చు, ఖర్చులు పంచుకునే ముందు అడగండి. అమ్మాయిని చూడగానే "హంబల్యో" అనండి, శుభాకాంక్షలని అర్థం.